సైలెన్సరు లేని పికప్పు

సైలెన్సరు పీకేస్తే బండికి బలం వస్తుందని ఇవాళ్టి కుర్రాళ్ళు చాలామంది నమ్ముతారు. మా వీధి చివరి షెడ్డులో ఆ పని రోజూ జరుగుతూనే ఉంది. ఆ నమ్మకం పూర్తిగా తప్పేమీ కాదు. మీ వయసులో నేనూ నమ్మాను, నా చేత్తోనే చేశాను, బలం కూడా వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో వందల బండ్లు విప్పి బిగించాను. చాలావాటి నంబర్లు కూడా గుర్తులేవు. ఆ ఒక్క పికప్పును మాత్రం ఇప్పుడు ముక్కలుగా తెచ్చి నా ముందు పోసినా కళ్ళు మూసుకుని బిగించగలను. బాగు చేసినందుకు కాదు, పాడు చేసినందుకు.

మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. నాకు ఆ పని పట్టుబడలేదు. ఇనుము పట్టుబడింది. ఇరవై రెండో ఏట బందరులో కాలవలూ కరకట్టలూ చూసే ఒక ప్రభుత్వ శాఖలో ఫిట్టరుగా చేరాను. శాఖ పేరు చెప్పను. అందులో మంచివాళ్ళు ఎక్కువమందే ఉండేవారు, నేను చేసిన పనికి వాళ్ళకి చెడ్డపేరు ఎందుకు? ఊరి చివర మాకొక రేకుల షెడ్డు ఉండేది. రెండు లారీలు, ఒక రోడ్డు రోలరు, నాలుగైదు నీళ్ళు తోడే ఇంజన్లు, ఒక పికప్పు. ఇదీ మా సంసారం.

ఆ పికప్పు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన బండి. పెట్రోలు ఇంజను. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక చెక్క పలకలు పరిచిన తొట్టి, దాని మీద ఇనప కమానులకు కట్టిన కాన్వాసు గుడారం. క్యాబినుకీ తొట్టికీ మధ్య రేకు గోడ. ఆ గోడలో ఒకప్పుడు చిన్న అద్దం ఉండేదట. అది పగిలిపోతే ఎవరో రేకు ముక్క బిగించేశారు. ఆఫీసర్లు ముందు కూర్చునేవారు, మిగతావాళ్ళు వెనక తొట్టిలో.

దివిసీమలో మా పనులు ఎక్కువ. పులిగడ్డ దాటి, అవనిగడ్డ దాటి, కోడూరు కూడా దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ దారి ఇసకగా మారిపోతుంది. ఆ ఇసకలో మా పికప్పు ముసలి గేదెలా రొప్పేది. మనిషి దిగి నెట్టని ప్రయాణం లేదు. ఉప్పుగాలికి సైలెన్సరు లోపల్లోపల తుప్పుపట్టి, మసి పేరుకుని, పొగ బయటికి పోవడానికి సందు లేకుండా అయింది. పొగ పోకపోతే ఇంజనుకి ఊపిరాడదు. ఇది మీకూ తెలిసిందే.

మా షెడ్డుకి పెద్ద మేస్త్రి ఒక సాయిబు గారు. సైన్యం వర్క్‌షాపులో చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నాయన. మాట తక్కువ. నేను సైలెన్సరు విప్పి చూపించి, కొత్తది వచ్చేదాకా దీన్ని తీసేసి తిన్నగా లావుపాటి గొట్టం వేస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన చేత్తో తట్టి చూశారు, లోపలి తుప్పు గలగలమంది.

"తీసెయ్ అబ్బాయ్. బలం వస్తుంది. కానీ గొట్టాన్ని తోక దాకా లాగు. పొగ బండి వెనకాల వదలాలి గానీ బండి కింద కాదు," అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆయన కంటి ఆపరేషనుకి సెలవు పెట్టారు. పని నా ఒక్కడి చేతికొచ్చింది.

మూల పడున్న పంపు ఇంజను గొట్టం ఒకటి దొరికింది. పాత గొట్టానికి రెట్టింపు లావు. అయితే దాని పొడవు వెనక ఇరుసు దాకానే సరిపోయింది. తోక దాకా లాగాలంటే ఇంకో ముక్క అతకాలి, ఇరుసు మీదుగా విల్లులా వంచాలి. వంచడం కష్టమైన పని, రెండు రోజులు పడుతుంది. దానికి తోడు, గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత బలం అని నాకొక సొంత సిద్ధాంతం ఉండేది. ఇరుసుకి ముందే గొట్టాన్ని ఏటవాలుగా కోసి, మూతి నేల వైపు తిప్పి వెల్డింగు చేశాను. మేస్త్రి గారు చెప్పింది మరిచిపోలేదు. అక్కర్లేదనుకున్నాను. మరిచిపోవడానికీ, అక్కర్లేదనుకోవడానికీ చాలా తేడా ఉంది.

బండి మారిపోయింది. పులిగడ్డ దగ్గర కట్ట ఎక్కడానికి ఇదివరకు మొదటి గేరులో మూలిగేది, ఇప్పుడు రెండో గేరులో ఎక్కేస్తోంది. ఇసకలో మనుషులు దిగి నెట్టే పని తప్పింది. మా సూపర్‌వైజరు గారు కోడూరు దాకా వెళ్ళొచ్చి షెడ్డులో అందరి ముందూ నా భుజం తట్టారు. శబ్దం మాత్రం భయంకరంగా ఉండేది. డ్రైవరుకి ఆ శబ్దమంటే మహా గర్వం. చల్లపల్లిలో స్టార్టు చేస్తే మోపిదేవిలో స్వామివారికి వినపడుతుందని అందరికీ చెప్పుకునేవాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, నేను బావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, పిలుపంతే. దివిసీమ దారుల్లో ఏ గుంట ఎక్కడుందో ఆయనకి చీకట్లో కూడా తెలుసు.

అప్పుడే ఒక మనిషి నాకు జరగబోయేది చెప్పాడు. మా ఆఫీసు బంట్రోతు. వారానికి రెండుసార్లు గుడివాడ ఆఫీసు నుంచి కాయితాల కట్టలు తీసుకుని తొట్టిలో కూర్చుని వచ్చేవాడు. బండి దిగేటప్పటికి తలపోటు, కడుపులో తిప్పుడు అని మొదలుపెట్టాడు. ఒకసారి షెడ్డు గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టించుకోమని నేను సలహా ఇచ్చాను. చుట్టలు తగ్గించమని డ్రైవరు ఇచ్చాడు. బంట్రోతు మా ఇద్దర్నీ చూసి, ఆ తర్వాత నుంచి పామర్రు మీదుగా బస్సులో రావడం మొదలుపెట్టాడు. మేం నవ్వుకున్నాం.

ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. ప్రభుత్వ బండ్లన్నిటినీ ఎన్నికల పనికి తీసుకున్నారు. మా పికప్పుకి కోడూరు అవతల, సముద్రం దగ్గర్లో ఉన్న ఒక ఊరు పడింది. పోలింగు జరిపే బృందాన్ని అక్కడికి చేర్చి, పోలింగయ్యాక ఓట్ల పెట్టెలతో సహా బందరు తీసుకురావాలి. ఇసక దారి కనక, దారిలో ఏమైనా అయితే చూడ్డానికి నన్నూ వెళ్ళమన్నారు.

బృందంలో నలుగురు. పెద్ద బాధ్యత బందరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారిది. యాభై దాటిన మనిషి, తెల్లటి పంచె, జేబులో గొలుసు గడియారం. ఆడవాళ్ళ వరసను చూడ్డానికి గుడివాడ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ. తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకరు. పెట్టెలకి కాపలాగా తుపాకీ పట్టుకున్న కానిస్టేబులు. ముందు క్యాబిన్లో కూర్చోమని మాస్టార్ని అడిగాం. పెట్టెలు ఎక్కడుంటే తాను అక్కడే ఉండాలని నియమం ఉందని ఆయన తొట్టిలోనే కూర్చున్నారు.

వెళ్ళేటప్పుడు కాన్వాసు తెరలన్నీ పైకి ఎత్తి కట్టాం. ఎండ లేదు, గాలి ధారాళంగా ఆడింది. కానీ కోతలైపోయి ధాన్యం బండ్లు తిరిగే రోజులు, దారి నిండా మోకాలి లోతు దుమ్ము. ఊరు చేరేటప్పటికి నలుగురూ ఒళ్ళంతా విభూతి పూసుకున్నట్టు దిగారు. టీచరమ్మ నవ్వేసింది. మాస్టారు నవ్వలేదు. గడియారం తుడుచుకున్నారు.

పోలింగు చక్కగా జరిగింది. ఊళ్ళో బడే పోలింగు కేంద్రం. పొద్దుపోయాక ఆ దారుల్లో పెట్టెలతో ప్రయాణం వద్దని ఆ రాత్రి బళ్ళోనే ఉండి, తెల్లవారాక బయల్దేరమని ఆదేశం. బడి పక్కనే పాక వేసుకుని, ఒక పాడిగేదెను పెట్టుకుని మజ్జిగ అమ్ముకునే ఒకావిడ ఉండేది. నలభై అయిదేళ్ళుంటాయేమో. భర్త లేడు. రెండు రోజులూ మాకందరికీ మజ్జిగ పోసింది. బయల్దేరే పొద్దున కూడా, ఖాళీ కడుపులతో ప్రయాణం చేయకూడదని, కుండతో తెచ్చి ఆ నలుగురికీ తలా ఒక గ్లాసు ఇచ్చింది. నేనూ డ్రైవరూ ఇసకలో కూరుకుపోయిన చక్రం తీసే పనిలో ఉండి తాగలేదు.

ఈసారి తెరలు దించేయమని మాస్టారు అడిగారు. తన కోసం కాదు, సీళ్ళు వేసిన కవర్ల మీద దుమ్ము పడకూడదని. నేను నాలుగు వైపులా తెరలు దించాను. వెనక తెర గాలికి కొట్టుకోకుండా బయటి నుంచి తాళ్ళతో ముడులు వేశాను. ఏదైనా కావాలంటే తుపాకీ మడమతో ఈ రేకు గోడ మీద రెండుసార్లు కొట్టండి, వెంటనే ఆపుతాం అని కానిస్టేబులుకి చెప్పి, ముందుకొచ్చి కూర్చున్నాను.

కోడూరు దాటాం, అవనిగడ్డ దాటాం. బండి హాయిగా పోతోంది. మా వెనక కొంచెం దూరంలో అభ్యర్థుల ఏజెంట్లు ఒక జీపులో వస్తున్నారు. పెట్టెల మీద కన్నేసి ఉంచడం వాళ్ళ పని. క్యాబిన్లో నేనూ డ్రైవరూ ఒకరి మాట ఒకరికి వినపడాలంటే చెవి దగ్గర అరవాల్సి వచ్చేది. అలవాటైపోయింది కనక అదొక ఇబ్బందిగా తోచలేదు.

మోపిదేవి దగ్గర దారికి అడ్డంగా మొక్కుబడులకి వచ్చిన ఎడ్లబండ్లు నిలిచిపోయాయి. ఒక బండి చక్రం మట్టిలో దిగబడింది. ఇంజను ఆపితే మళ్ళీ హ్యాండిలు తిప్పాలి, బ్యాటరీ నీరసంగా ఉంది. అందుకని ఇంజను తిరుగుతుండగానే పావుగంట ఆగాం. దారి క్లియరయ్యాక డ్రైవరు గేరు వేయబోతుంటే నాకొక సందేహం వచ్చింది. నిముషం ఆలస్యమైతే గడియారం చూసుకునే మాస్టారు, పావుగంట ఆగినా ఏమిటని అడగలేదు. కానిస్టేబులూ కొట్టలేదు. ఒకసారి చూసొస్తానని దిగాను.

వెనక తెర ముడుల్లో ఒకటి సగం వదులై ఉంది. లోపలి నుంచి ఎవరో లాగినట్టు. మిగతావి విప్పి తెర ఎత్తాను.

టీచరమ్మ తెర దగ్గరే మోకాళ్ళ మీద కూలిపోయి ఉంది, చేతివేళ్ళు ఇంకా తాడు సందులోనే ఉన్నాయి. గుమాస్తా ఓట్ల పెట్టె మీద తల వాల్చి ఉన్నాడు. కానిస్టేబులు రేకు గోడకి ఆనుకుని ఉన్నాడు, తుపాకీ అడ్డంగా పడి ఉంది. మాస్టారు పక్కకి ఒరిగిపోయారు. వాళ్ళ మొహాలు పాలిపోలేదు. ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

లోపల్నుంచి వేడి గాలి, దానితో పాటు వాసన నా మొహానికి కొట్టాయి. నాకు తెలిసిన వాసన. రోజూ షెడ్డులో పీల్చే వాసన. టీచరమ్మ తెల్లచీర కుచ్చెళ్ళ మీద సన్నటి నల్లని మసి గీతలున్నాయి, తొట్టి పలకల సందులు ఎక్కడెక్కడున్నాయో సరిగ్గా అక్కడ. ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

డ్రైవర్ని పిలిచాను. ఇద్దరం నలుగుర్నీ కిందికి దించి దారి పక్కన పడుకోబెట్టాం. మొక్కుకి వచ్చిన ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చారు, విసనకర్రలు తెచ్చారు. గాలి తగిలిన కాసేపటికి టీచరమ్మ కదిలింది. కానిస్టేబులు వాంతి చేసుకుని, కళ్ళు తెరవగానే పెట్టెలున్నాయా అని అడిగాడు. గుమాస్తా కొంచెం ఆలస్యంగా లేచాడు. మాస్టారు లేవలేదు. ఊపిరి ఉంది, అంతే.

ఈలోగా ఏజెంట్ల జీపు వచ్చింది. చూసిన క్షణం వాళ్ళ ఆలోచన ఒక్క వైపే పోయింది. పెట్టెలు మార్చడానికి ఎవరో మత్తుమందు పెట్టారు. ఒక అభ్యర్థి మనిషి రెండో అభ్యర్థి మనిషి చొక్కా పట్టుకున్నాడు. జనం మూగారు. అవనిగడ్డ నుంచి ఎస్సై గారు వచ్చేటప్పటికి అరగంట పట్టింది. సీళ్ళు చూశారు, అన్నీ భద్రంగానే ఉన్నాయి. అయినా మత్తు మాట జనంలో పాతుకుపోయింది. ముందు కూర్చున్న మాకిద్దరికీ ఏమీ కాలేదు కదా. అంటే వాళ్ళు తిన్నదేదో మేం తినలేదు. పొద్దున ఏం తీసుకున్నారని ఎస్సై గారు అడిగితే, సగం తెలివిలో ఉన్న గుమాస్తా ఒకే మాట చెప్పాడు. మజ్జిగ.

నేను అక్కడే ఉన్నాను. గుమాస్తాకి రెండడుగుల దూరంలో. ఆ మాట విన్నాను. నోరు తెరవబోయాను కూడా. డ్రైవరు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడేం మాట్లాడకు. జనం కోపంలో ఉన్నారు. తర్వాత చూద్దాం," అన్నాడు.

ఆయనకీ తెలుసన్నమాట. తప్పు ఆయన మీదికి నెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. చెయ్యి పట్టుకున్నాడు గానీ నోరు మూయలేదు. నోరు నేనే మూసుకున్నాను.

మాస్టార్ని జీపులో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పెట్టెలతో, మిగతా ముగ్గురితో మా పికప్పులో వాళ్ళ వెనకాలే వెళ్ళాం. ఈసారి తెరలన్నీ ఎత్తి కట్టింది నేనే. ఎందుకు ఎత్తుతున్నావని ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం పోలీసులు సముద్రపుటొడ్డు ఊరికి వెళ్ళి ఆ మజ్జిగ ఆవిణ్ణి స్టేషనుకి తీసుకొచ్చారని సాయంత్రానికి తెలిసింది. ఏ అభ్యర్థి మనిషి నీకేమిచ్చాడని అడుగుతున్నారట.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. మాస్టారికి ఇంకా తెలివి రాలేదు. టీచరమ్మ ఆడవాళ్ళ వార్డు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ముడులు వేసింది మీరే కదండీ?" అంది.

అవునన్నాను.

"నాకు తల తిరుగుతోందని చెప్తే కానిస్టేబులు గారు తుపాకీతో గోడ మీద కొట్టారండీ. రెండుసార్లు కాదు, చాలాసార్లు. తర్వాత నేను చేతుల్తో కొట్టాను. మాస్టారు గారు కేకేశారు. మీకు వినపడలేదా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అరచేతులు కమిలిపోయి ఉన్నాయి. వినపడలేదు. వినపడకుండా చేసింది నేనే. పొగను లోపలికి పంపిన గొట్టమే వాళ్ళ కేకల్ని మా దాకా రానివ్వలేదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా మా సూపర్‌వైజరు గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన లేచి గది తలుపు దగ్గరగా వేశారు. సైలెన్సరు మార్పుకి కాగితం మీద ఎవరూ అనుమతి ఇవ్వలేదనీ, తాను భుజం తట్టడం అనుమతి కిందికి రాదనీ మెల్లగా గుర్తుచేశారు. పోలీసులు విచారించి ఏమీ దొరక్క మజ్జిగ ఆవిణ్ణి ఎలాగూ వదిలేస్తారనీ, గొట్టం సంగతి తొందరపడి చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవద్దనీ అన్నారు. చెడ్డ మనిషి కాదాయన. నా మీద నిజంగానే జాలిపడ్డారు. అంతమంది నా మీద జాలిపడుతుంటే స్టేషను వరండాలో కూర్చున్న మనిషి మీద జాలిపడడానికి ఎవరూ మిగల్లేదు.

అక్కణ్ణుంచి ఎన్నికల పని చూస్తున్న డిప్యూటీ కలెక్టరు గారి బంగళాకి వెళ్ళాను. రెండు గంటలు బయట నిలబడ్డాక లోపలికి పిలిచారు. నేను చెప్పింది ఆయన మొదట నమ్మలేదు. ఎవరో అభ్యర్థి మనుషులు నాతో ఈ కథ చెప్పిస్తున్నారని ఆయన అనుమానం. కేసును మజ్జిగ మీంచి గొట్టం మీదికి మళ్ళిస్తే ఎవరికి లాభమో లెక్కేసుకుంటున్నట్టు నా మొహంలోకి చూశారు. అప్పుడు నేను నా జీవితంలో అన్నిటికంటే వీరోచితమైన మాట ఒకటి అన్నాను. తెరలు దించి నన్ను తొట్టిలో కూర్చోబెట్టి నడపండి, నేను పడిపోతే నిజం, పడిపోకపోతే జైల్లో పెట్టండి అన్నాను.

ఆసుపత్రి డాక్టరు గారిని పిలిపించారు. ఎర్రబడిన మొహాల సంగతి విన్నప్పటి నుంచీ ఇది మత్తు కాదు, పొగేనేమోనని ఆయనకి అనుమానంగానే ఉందట. నా ప్రతిపాదన విని ఆయన నిట్టూర్చారు.

"మనిషెందుకయ్యా, కోడి చాలు," అన్నారు.

అలా నా వీరత్వం ముగిసింది. గంపలో ఒక కోడిపెట్టను పెట్టి, తొట్టిలో ఉంచి, తెరలు దించారు. అవే ముడులు నాచేతనే వేయించారు. డ్రైవరు బండిని పెడన రోడ్డు మీద కొంతదూరం నడిపి, వెనక్కొచ్చి, ఇంజను తిరుగుతుండగానే పావుగంట ఆపాడు. డిప్యూటీ కలెక్టరు గారు, డాక్టరు గారు, ఎస్సై గారు చుట్టూ నిలబడ్డారు. తెర విప్పి గంప తీస్తే కోడి మెడ వేలాడేసి ఉంది. డాక్టరు గారు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూసి కింద పెట్టారు. డిప్యూటీ కలెక్టరు గారు నా చేతికి కాగితం ఇచ్చి, చెప్పిందంతా రాసి సంతకం పెట్టమన్నారు. ఆ సాయంత్రమే మజ్జిగ ఆవిణ్ణి వదిలేశారు. అప్పటికి ఆవిడ స్టేషన్లో ఒక మధ్యాహ్నమూ, ఒక రాత్రీ, ఇంకో పగలూ గడిపింది.

మాస్టారికి మూడో రోజున తెలివొచ్చింది. బతికారు. నెల తర్వాత వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. తిట్టలేదు. బయల్దేరుతుంటే మాత్రం, తన మామూలు గొంతుతోనే ఒక సంగతి చెప్పారు. క్లాసులో పదిహేడో ఎక్కం చెప్తూ సగంలో ఆగిపోతున్నారట. పిల్లలు అందిస్తే మళ్ళీ మొదలుపెడుతున్నారట. ఏడాదిలో అది సర్దుకుందని విన్నాను. నిజమో, నా మనశ్శాంతి కోసం ఎవరైనా అలా చెప్పారో తెలియదు.

నన్ను కొన్నాళ్ళు సస్పెండు చేసి, తర్వాత గుడివాడ షెడ్డుకి బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు. డ్రైవరు నాతో ఏడాది పాటు మాట్లాడలేదు. తప్పు ఒప్పుకున్నందుకు కాదట, ఒప్పుకోవడానికి వెళ్తూ తనకి చెప్పకుండా వెళ్ళినందుకు. చెప్తే తానూ వచ్చేవాణ్ణని ఆయన వాదన. కావచ్చు. బంట్రోతు దగ్గరికి కూడా వెళ్ళాను. నీ తలపోటు నిజమేనయ్యా అని చెప్పాను. తనకి ఆ సంగతి మొదట్నుంచీ తెలుసనీ, తెలియనిది మాకేననీ అన్నాడు.

మా మేస్త్రి గారు సెలవు ముగించుకుని కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని వచ్చారు. నేను గుడివాడ వెళ్ళడానికి రెండు రోజుల ముందు. పికప్పు పక్కన చతికిలబడి, చెయ్యి కిందికి పెట్టి గొట్టం చివర తడిమి చూశారు. ఎక్కడ ఆగిందో వేళ్ళతో తెలుసుకున్నారు. నేను పక్కనే నిలబడి తిట్టు కోసం ఎదురుచూశాను. ఆయన లేచి, రంపం తెచ్చుకుని, నా గొట్టం కోసేసి, ఇంకో గొట్టాన్ని నిప్పుల్లో పెట్టి వంచడం మొదలుపెట్టారు. రెండు రోజులూ నేను కొలిమి తిత్తి ఊదాను. ఇరుసు మీదుగా విల్లులా వంగి, బండి తోక దాటి జానెడు బయటికొచ్చింది ఆ గొట్టం. తర్వాత పరీక్షకి నడిపితే బలం ఏమీ తగ్గలేదు. నా సిద్ధాంతం కూడా తప్పేనన్నమాట.

తర్వాత నా చేతి కింద పనిచేసిన వాళ్ళందరికీ నేను చెప్పినది ఒకటే. ఇంజను ముందు వైపు నుంచి చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. బండి పూర్తయ్యాక తొట్టిలో కూర్చుని, తెర దించుకుని ఒకసారి తిరిగి రండి. తొట్టిలో కూర్చునేవాడు ఏదైనా చెప్తే వాడి కళ్ళకీ చుట్టలకీ సలహాలివ్వకండి.

ఇంకొక్క సంగతి ఉంది. ఇది నా సర్వీసు కాగితాల్లో లేదు.

ఆ ఏడు వానలు వెలిశాక, ఒక ఆదివారం గుడివాడ నుంచి బస్సెక్కి, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి, కోడూరు నుంచి నడిచి ఆ ఊరు వెళ్ళాను. బడి పక్కన పాక అలాగే ఉంది. ఆవిడ గేదెకి గడ్డి వేస్తోంది. నేనెవరో చెప్పబోతే, తెలుసంది. పికప్పుతో వచ్చినవాళ్ళందరూ తనకి గుర్తేనంది. నేను క్షమించమని అడిగాను. ఆవిడ అరుగు చూపించి కూర్చోమంది. ఊళ్ళో ఎవరూ తనను పల్లెత్తు మాట అనరట. కానీ బళ్ళో పంతుళ్ళు మజ్జిగ మానేశారట. బయటి ఊళ్ళ నుంచి వచ్చే ఆఫీసర్లకి మజ్జిగ తెప్పించాల్సివస్తే మునసబు గారు ఇప్పుడు వేరే ఇంటి నుంచి తెప్పిస్తున్నారట. గొట్టం సంగతి అందరికీ తెలుసట. అయినా, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటారట. ఈ మాటలన్నీ ఫిర్యాదులా కాకుండా, ఈ ఏడు వానలెలా పడ్డాయో చెప్పినట్టు చెప్పింది.

తర్వాత లోపలికెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. ఎదురుగా నిలబడి, నేను చివరిదాకా తాగేదాకా చూసింది.

"ఒక మాట అడుగుతాను అబ్బాయ్. ఆ మోపిదేవి దగ్గర, వాళ్ళని దించినప్పుడే నీకు తెలుసా?"

తెలియదని చెప్పి ఉండొచ్చు. మర్నాడు ఆసుపత్రిలో తెలిసిందని చెప్తే ఆవిడ నమ్మేది, బహుశా ఇద్దరికీ సుఖంగా ఉండేది.

"తెలుసమ్మా," అన్నాను.

ఆవిడ తలూపింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, కడిగి, అరుగు మీద బోర్లించి, మళ్ళీ గేదె దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు కూర్చున్నాను. అనలేదు. లేచి కోడూరు వైపు నడిచాను.